జూడోలో త్రో వేసేటప్పుడు కౌంటర్‌కి దొరక్కుండా, దెబ్బ తగలకుండా: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇది రందోరి (ఇద్దరూ నిజంగా తలపడే ప్రాక్టీస్) దాకా వచ్చినవాళ్ల కోసం. కౌంటర్ అంటే మీరు వేసిన త్రోని ఆపో తప్పించో ప్రత్యర్థి మిమ్మల్నే పడేయడం. ఉకెమి, అంటే పడే పద్ధతి, ఇంకా ఒంటికి పట్టకపోతే ముందు అది చూసుకుని తర్వాత ఇక్కడికి రండి. అంతా కుడిచేతి పట్టు లెక్కలో చెబుతున్నాను: కుడిచెయ్యి కాలర్ మీద, ఎడమచెయ్యి ప్రత్యర్థి కుడి స్లీవ్ మీద. ఎడమచేతివాటం వాళ్లు తిప్పి చదువుకోవాలి. విసిరేవాళ్లు తోరి, పడేవాళ్లు ఉకె. కౌంటర్ పడగానే ఈ రెండు పేర్లూ తారుమారవుతాయి కాబట్టి అయోమయం లేకుండా చాలాచోట్ల "మీరు", "ప్రత్యర్థి" అనే రాశాను.

అసలు కౌంటర్ ఎందుకు పడుతుంది? ఉచికోమిలో నా త్రో బాగానే ఉంటుంది కదా?

ఉచికోమి అంటే విసరకుండా త్రోలోకి మళ్లీ మళ్లీ వెళ్లే డ్రిల్. అందులో పార్ట్‌నర్ మిమ్మల్ని వెనక్కి లాగడు, కాలు తప్పించడు, నడుం బిగించడు. అక్కడ బాగుండటం వేరు.

త్రోలో మూడు దశలు చెబుతారు: కుజుషి అంటే ప్రత్యర్థి బ్యాలెన్స్ చెదరగొట్టడం, త్సుకురి అంటే మన ఒంటిని సరైన చోటికి చేర్చడం, కాకె అంటే విసరడం. చాలామంది మొదటిదాన్ని ఎగ్గొట్టి రెండోదాంట్లోకి దూకేస్తారు. ప్రత్యర్థి రెండు కాళ్ల మీద స్థిరంగా ఉండగానే మీరు తిరిగి వీపు చూపించినా, ఒక కాలు గాల్లోకి లేపినా, ఆ క్షణంలో మ్యాట్ మీద బ్యాలెన్స్ లేని మనిషి మీరొక్కరే. అప్పుడు కౌంటర్ వేయడానికి గొప్ప ప్రతిభేం అక్కర్లేదు, మీరు మొదలుపెట్టిన పడటాన్ని అవతలివాళ్లు పూర్తి చేస్తారు, అంతే.

రెండో కారణం ఖాళీ. వీపుకీ ఛాతీకీ మధ్య, లేదా ఛాతీకీ ఛాతీకీ మధ్య జానెడు ఖాళీ మిగిలితే ప్రత్యర్థి నడుం అందులో తిరుగుతుంది. కౌంటర్లలో సగం ఆ ఖాళీలోనే పుడతాయి అంటాను నేను. మూడోది అలవాటు: పట్టు అందగానే ప్రతిసారీ ఒకే అడుగుతో, ఒకే వేగంతో అదే త్రోకి వెళ్తుంటే రెండోసారికే అవతలివాళ్లకి లెక్క తెలిసిపోతుంది.

దెబ్బలు ఎక్కువగా ఎప్పుడు తగులుతాయి? కౌంటర్‌లో పడ్డప్పుడేనా?

పడటం వల్ల తగిలేవాటికంటే పడకుండా ఉండాలని మొండికేసినప్పుడు తగిలేవే ఎక్కువ బాధపెడతాయని నా అభిప్రాయం. దాడి చేసినవాళ్లకి "నేను విసురుతున్నాను" అనే ధ్యాస ఉంటుంది. అర సెకనులో తామే పడేవాళ్లమయ్యామని మనసు ఒప్పుకోదు. అందుకే చెయ్యి చాపి మ్యాట్ మీద ఆనిస్తారు, మోకాలు బిగించి నిలబడతారు, మెడని వంతెనలా వంచుతారు. చాపిన చేతి మీద ఇద్దరి బరువూ పడితే మోచెయ్యి తొలగొచ్చు, భుజం దగ్గర కీలు దెబ్బతినొచ్చు, కాలర్ ఎముక విరగొచ్చు. బిగించిన మోకాలి మీద పక్కనుంచి బరువు పడితే లిగమెంట్ పోతుంది.

కాబట్టి కౌంటర్ భద్రత అంటే ఒకటి కాదు, రెండు విద్యలు. కౌంటర్ పడకుండా దాడి చేయడం ఒకటి, పడిందని తెలిసిన మరుక్షణం శుభ్రంగా పడిపోవడం రెండోది. రెండోదాన్ని ఎవరూ విడిగా ప్రాక్టీస్ చేయరు, అదే చిక్కు.

శుభ్రంగా పడటం అంటే, కౌంటర్ మధ్యలో ఏం చేయాలి?

గడ్డం ఛాతీకి ఆనించండి, ఇది అన్నిటికంటే ముందు. కళ్లు మీ బెల్టు ముడి వైపు చూస్తే గడ్డం దానంతట అదే లోపలికి వస్తుంది. నోరు మూసుకుని పళ్లు కలిపి ఉంచండి, నాలుక జాగ్రత్త. ఊపిరి బిగబట్టొద్దు, నేల తగిలే సమయానికి వదలండి.

ఇక చేతులు. స్వేచ్ఛగా ఉన్న చెయ్యి ఒంటికి దగ్గరగా, సుమారు 30 నుంచి 45 డిగ్రీల కోణంలో, అరచెయ్యి కిందికి పెట్టి మ్యాట్‌ని కొట్టాలి. భుజానికి సమానంగా చాపి కొడితే దెబ్బంతా భుజం కీలుకి వెళ్తుంది. చెయ్యి వీపు వెనక్కి పెట్టి ఆపుకోవాలని మాత్రం చూడొద్దు. రెండో చేత్తో ప్రత్యర్థి జుడోగి (జూడో దుస్తులు) పట్టుకుని ఉంటే అది కొంత మేలే, మీ పై ఒంటి వేగం తగ్గుతుంది. కానీ రెండు చేతులతోనూ వేలాడితే ప్రత్యర్థి వచ్చి మీ పక్కటెముకల మీద పడతాడు. అదీ తెలుసుకోండి.

గాల్లో ఉండగా బోర్లా తిరగడం గురించి అందరూ అడుగుతారు. పోటీల్లో స్కోరు పోకుండా ఉండటానికి పెద్ద ఆటగాళ్లు అలా తిరుగుతారు, నిజమే. వాళ్లకి ఆ తిరుగుడు కోసం ఏళ్ల ప్రాక్టీస్ ఉంటుంది. క్లబ్‌లో సాయంత్రం రందోరిలో స్కోరు ఎవరూ రాసుకోవడం లేదు కదా, వీపు మీదో పక్కకో పడి లేవండి.

త్రో సగంలో ఆగిపోయింది. తోసుకుంటూ పూర్తి చేయాలా, వదిలేయాలా?

సగంలో ఆగి అక్కడే నిలబడటం ఒక్కటే తప్పు, మిగతా రెండూ సరైనవే. ప్రత్యర్థి ఇంకా మడమల మీదో మునివేళ్ల మీదో ఊగుతున్నట్టు మీ చేతికి తెలిస్తే ఆపకుండా దూసుకెళ్లండి. మీ స్లీవ్ చెయ్యి లాగుడు ఆగిపోయి, ప్రత్యర్థి నడుం బరువుగా కిందికి దిగినట్టు అనిపిస్తే వెంటనే గాల్లో ఉన్న కాలు కింద పెట్టి, రెండు కాళ్ల మీదికి వచ్చి, ముఖం ప్రత్యర్థి వైపు తిప్పండి. వీపు చూపిస్తూ ఆలోచించడం పనికిరాదు.

బయటికి రావడాన్ని కూడా ఉచికోమిలో కలపండి. పదిసార్లు లోపలికి వెళ్లడం అందరూ చేస్తారు. వెళ్లి, పార్ట్‌నర్ బిగించగానే వెనక్కి వచ్చి, పట్టు చెదరకుండా మళ్లీ నిలబడటం ఎవరూ చేయరు.

ఓసోతో గారి వేస్తే నన్నే వెనక్కి పడేస్తున్నారు. ఏం చేయాలి?

ఓసోతో గారి అంటే ప్రత్యర్థి కాలిని బయటివైపు నుంచి మీ కాలితో ఊపి తీసి వెనక్కి పడేసే త్రో. మీకు పడుతున్నది దాని కౌంటర్, ఓసోతో గాయెషి. జూడోలో ఇంత సూటి కౌంటర్ ఇంకోటి లేదు, ఎందుకంటే ఇద్దరి ఆకారం అద్దంలో బొమ్మలా ఒకటే. ఇద్దరూ ఎదురెదురుగా, ఇద్దరి కుడికాళ్లూ పక్కపక్కన. ఎవరి బరువు ముందుకు ఉంటే వాళ్లు గెలుస్తారు.

మీ ఎడమ పాదం ఎక్కడ దిగుతోందో ముందు చూసుకోండి. ప్రత్యర్థి కుడి పాదం పక్కన, దాదాపు సమానంగా దిగాలి, మునివేళ్లు మీరు వెళ్లే వైపు ఉండాలి. అది వెనకబడితే మీరు దూరం నుంచి కాలు చాపుతారు, నడుం వెనక మిగిలిపోతుంది, తల వెనక్కి వాలుతుంది. అప్పటికే మీరు పడటానికి సిద్ధంగా ఉన్నట్టు. పాదం సరిగా దిగాక మీ ఛాతీ కుడివైపు ప్రత్యర్థి ఛాతీకి అతుక్కోవాలి, స్లీవ్ చెయ్యి కిందికీ మీ నడుం వైపుకీ లాగాలి, బరువంతా ప్రత్యర్థి కుడి మడమ మీదికి వెళ్లాలి. కాలు వెనక్కి ఊపేటప్పుడు తల ముందుకీ కిందికీ వెళ్లాలి.

ప్రత్యర్థి కుడి మడమ మీద బరువు లేదని తెలిసిందా, కాలు ఊపనే వద్దు. కాలు కింద పెట్టి, ప్రత్యర్థి మిమ్మల్ని తొయ్యడానికి ముందుకు వచ్చే ఆ తోపునే వాడుకుని ససాయె త్సురికోమి అషికో (పాదంతో ప్రత్యర్థి కాలిని అడ్డుకుని ముందుకు పడేయడం), హరాయి గోషికో (నడుం మీదికి తీసుకుని కాలితో ఊడ్చేయడం) మారండి. ఇది చాలా బాగా పనిచేస్తుంది, ఎందుకంటే ఓసోతో గాయెషి వేయాలంటే ప్రత్యర్థి ముందుకు వాలి తీరాలి.

భద్రత సంగతి కూడా ఇక్కడే. ఓసోతోలోనూ దాని కౌంటర్‌లోనూ మనిషి నేరుగా వెనక్కి పడతాడు, తల వెనుక భాగం ముందు తగిలే ప్రమాదం ఎక్కువ. జపాన్‌లో స్కూలు పిల్లల తీవ్రమైన తల గాయాలను పరిశీలించినప్పుడు కొత్తగా నేర్చుకునేవాళ్లు ఓసోతో గారికి పడ్డ సంఘటనలే ముందు కనిపించాయి. అందుకని కొత్తవాళ్ల మీద ఓసోతో గాయెషి వేగంగా వేయకండి. వేస్తే స్లీవ్ వదలకుండా చివర్లో పైకి లాగి పట్టుకోండి, మీరు మీద పడకండి.

ఉచిమాత వేస్తే కాలు గాల్లోకి వెళ్లి నేనే పల్టీ కొడుతున్నాను.

ఇది ఉచిమాత సుకాషి, అంటే ఉచిమాతని తప్పించి వేసే కౌంటర్. మీ కుడికాలు ప్రత్యర్థి ఎడమ తొడ లోపలికి ఎగరాల్సిన క్షణంలో ఆ కాలు అక్కడ ఉండదు, మోకాళ్లు దగ్గరికి చేర్చి పక్కకి తప్పిస్తారు, మీ ఊపుతోనే మిమ్మల్ని తిప్పేస్తారు. చూడటానికి మీకు మీరే పడ్డట్టు ఉంటుంది.

ఈ కౌంటర్ ఎంత మోసకారిదో చెప్పడానికి 2000 సిడ్నీ ఒలింపిక్స్ పురుషుల హెవీవెయిట్ ఫైనల్ చాలు. ఫ్రాన్స్ ఆటగాడు దావీద్ దూయె ఉచిమాతకి వెళ్లాడు, జపాన్ ఆటగాడు షినిచి షినొహారా సుకాషితో తప్పించాడు, ఇద్దరూ పడ్డారు. షినొహారా తనకి ఇప్పోన్ (పూర్తి పాయింటు, అక్కడితో గెలుపు) వచ్చిందనుకున్నాడు, స్కోరు మాత్రం దూయెకి యూకోగా (చిన్న స్కోరు) వెళ్లింది, స్వర్ణం కూడా ఆయనకే. ఆ తీర్పు మీద ఇప్పటికీ వాదనలు ఆగలేదు. మ్యాట్ మీద నిలబడి చూసినవాళ్లకే కళ్లు చెదిరాయంటే, గాల్లో తిరుగుతున్న మీకు ఏం జరిగిందో తెలిసే అవకాశం ఎంత?

2020 ఫిబ్రవరిలో పారిస్ గ్రాండ్ స్లామ్‌లో ఫ్రాన్స్ హెవీవెయిట్ టెడ్డీ రినెర్ వరుస విజయాల పరంపర 154 దగ్గర ఆగింది కూడా ఉచిమాతకి వెళ్లి జపాన్ ఆటగాడు కొకొరో కగెఉరా చేతిలో కౌంటర్‌కి పడ్డాకే. అంటే ఎంత పెద్ద ఆటగాడికైనా ఈ త్రోలో రిస్క్ ఉండనే ఉంటుంది.

తగ్గించుకునే దారులున్నాయి. స్లీవ్ చెయ్యి మొదటినుంచీ చివరిదాకా లాగుతూనే ఉండాలి. కాలు లేచే సమయానికి చెయ్యి వదులైతే ప్రత్యర్థి కాలు తప్పించుకునేందుకు తీరిక దొరుకుతుంది. ఆ చేతికి వాచీ ఉందనుకుని టైమ్ చూసుకున్నట్టు ముంజెయ్యి తిప్పమని కోచ్‌లు చెప్పేది ఇందుకే. ప్రత్యర్థి కాళ్లు దగ్గరగా ఉన్నప్పుడు ఉచిమాతకి వెళ్లొద్దు, ముందు ఓఉచి గారితో (ప్రత్యర్థి కాలిని లోపలినుంచి తీసే త్రో) కాళ్లు విడదీయించి, బరువు ఆ ఎడమకాలి మీదికి వచ్చాక వెళ్లండి. కెంకా యొత్సులో, అంటే ఒకరు కుడి ఒకరు ఎడమ పట్టులో ఉన్నప్పుడు, ఉచిమాత అవకాశం ఎక్కువ, సుకాషి కూడా ఎక్కువే.

కాలు తప్పిపోయింది, పడుతున్నారు. తలని నేలలోకి పొడవకండి. ఇది నిజంగా ప్రాణం మీదికి తెచ్చే విషయం, మెడ ఎముక మీద ఒంటి బరువంతా పడుతుంది. అంతర్జాతీయ నియమాల్లో ఉచిమాత, హరాయి గోషి లాంటివి వేస్తూ తలతో మ్యాట్‌లోకి దూకితే నేరుగా హన్సోకు మాకె, బౌట్ నుంచి బయటికే. గడ్డం ఎడమ భుజం వైపు తిప్పి, కుడి భుజం వెనకభాగం మీదుగా దొర్లండి, మామూలు మాయె మవారి ఉకెమి (ముందుకు దొర్లి పడటం) లాగే. కాలర్ చెయ్యి ఇరుక్కుంటుందనిపిస్తే వదిలేయండి.

సెయోయి నగె వేస్తే వెనకనుంచి ఎత్తేస్తున్నారు.

సెయోయి నగె అంటే ప్రత్యర్థిని భుజం మీదుగా విసిరే త్రో. అందులో నడుం ఎత్తు చూసుకోండి. మీ నడుం ప్రత్యర్థి నడుం కంటే స్పష్టంగా కింద ఉంటే ఎత్తడం కష్టం. సమానంగానో పైనో ఉంటే వెనకనుంచి ఎత్తి పడేసే ఉరా నగెకీ, ఉషిరో గోషికీ మీరే మూట కట్టి అందించినట్టు. మోకాళ్లు వంగాలి, నడుం నుంచి వంగడం వేరు, అది కుదరదు.

ప్రత్యర్థి మీ నడుం చుట్టూ చెయ్యి వేసి వెనక్కి వాలుతున్నట్టు తెలిస్తే వెంటనే ఒక కాలు ప్రత్యర్థి కాళ్ల మధ్యకో వెనక్కో పెట్టి ముఖం తిప్పండి. చాలాసార్లు అక్కడే కోఉచి గారి (పాదాన్ని లోపలినుంచి తీసే త్రో) లేదా ఓఉచి గారి దొరుకుతుంది, ఎందుకంటే మిమ్మల్ని ఎత్తాలని వాళ్ల బరువు మడమల మీద ఉంటుంది. ఇక కాళ్లు నేల వదిలేశాయంటే ఆలస్యమైంది, గడ్డం లోపలికి, ఒళ్లు గుండ్రం, పడండి. ఎత్తేసినవాళ్ల కాలిని మీ కాలితో చుట్టి వెనక్కి లాగుదాం అన్న ఆలోచన వస్తుంది, రానివ్వకండి. అది కవాజు గాకె, నిషిద్ధం. మోకాలు పాడుచేసే పట్టు.

మోకాళ్ల మీద పడి వేసే డ్రాప్ సెయోయి కౌంటర్‌కి తక్కువ దొరుకుతుంది, నిజమే, కానీ సరిగా కిందికి దూరకపోతే తల, మెడ బయటికి మిగిలి ప్రత్యర్థి బరువు వాటి మీద పడుతుంది. పిల్లలకి అదే మొదటి త్రోగా నేర్పించడం నాకు నచ్చదు. మోకాళ్లకీ మంచిది కాదు, నిలబడి బ్యాలెన్స్ చెదరగొట్టడం అనేది వాళ్లకి ఎప్పటికీ రాదు.

ఓఉచి గారి, కోఉచి గారి, కాలితో తీసే త్రోలు సురక్షితమేనా?

మిగతావాటితో పోలిస్తే అవును. వీపు చూపించరు కాబట్టి తప్పినా వెంటనే కోలుకుంటారు. ఓఉచిలో కాలు పైకి లేపకండి, మునివేళ్లు మ్యాట్ మీద అర్ధచంద్రం గీస్తున్నట్టు ఉండాలి. లేచిన కాలే ఓఉచి గాయెషికి చిక్కుతుంది. దెయాషి బరాయిలో, అంటే ముందుకు వచ్చే పాదాన్ని ఊడ్చే త్రోలో, మీ పాదం అడుగుభాగంతో తుడవాలి. అది తప్పితే కాలు అక్కడే గాల్లో ఉంచకుండా వెనక్కి తెచ్చుకోవాలి, లేదంటే త్సుబామె గాయెషి అని మీ తుడుపునే మీకు తిప్పికొడతారు. దీంట్లో పెద్ద దెబ్బలుండవు, పిక్కల మీద నల్లమచ్చలు మామూలే.

తని ఓతోషి కౌంటర్ అంటే అందరూ ఎందుకంత భయపడతారు?

ఆ భయానికి కారణం ఉంది. మీరు నడుం త్రోకి తిరుగుతుండగా ప్రత్యర్థి మీ వెనక కాలు చాపి కూర్చుంటాడు. సరిగా చేస్తే ఆ కాలు మీ రెండు మడమల వెనక నేలని ఆనుకుని ఉంటుంది, ప్రత్యర్థి ఛాతీ మీకు అతుక్కుని ఉంటుంది, మీరు నేరుగా వెనక్కి పడతారు, ఏమీ కాదు. తప్పుగా చేస్తే ప్రత్యర్థి తొడ లేదా తుంటి మీ మోకాలి పక్కన దిగుతుంది. మీ పాదం నేలకి అతుక్కుని ఉంటుంది, మోకాలు లోపలికి విరుగుతుంది. ఏసీఎల్, ఎంసీఎల్ అనే మోకాలి లిగమెంట్లు పోయేది ఇక్కడే, ఆపరేషన్ దాకా వెళితే నెలల తరబడి మ్యాట్‌కి దూరం.

మీ వైపు నుంచి చేయగలిగేది: ప్రత్యర్థి ఒక్కసారిగా పక్కకి జారి కిందికి దిగుతున్నట్టు తెలిసిన వెంటనే ఆ వైపు కాలు బరువు తీసేయండి, మోకాలు వంచండి, పాదం నేలనుంచి లేవనివ్వండి, వెనక్కి పడండి. నిలబడి తట్టుకుందాం అనుకున్నారా, ఆ బరువంతా మోకాలే మోయాలి.

మీరు వేసేవాళ్లయితే: పక్కనుంచి వేయొద్దు, పూర్తిగా వెనక్కి చేరలేకపోతే మానేయండి. రందోరిలో ఓడిపోతున్నప్పుడు ఆఖరి ఆశగా దీన్ని వాడేవాళ్లుంటారు. వాళ్లతో ప్రాక్టీస్ చేయనని చెప్పడం అవమానమేం కాదు. నా ఉద్దేశంలో కొత్త బెల్టులకి ఇది కౌంటర్‌గా నేర్పనే కూడదు.

కొందరు దాడే చేయరు, కౌంటర్ కోసమే కాచుకుని కూర్చుంటారు. వాళ్లతో ఎలా?

వాళ్లతో ఆడటం నాకు సరదా, ఎందుకంటే వాళ్లు ఏం చేస్తారో ముందే తెలుసు. కౌంటర్ వేయాలంటే మీరు వచ్చారని వాళ్లు నమ్మాలి, ఒళ్లు ఒక దిక్కుకి కదల్చాలి. ఆ కదలికే మీకు కావాల్సిన కుజుషి. ఓసోతో గారికి వెళ్తున్నట్టు అడుగు వేసి, వాళ్లు ముందుకు వాలగానే ససాయె. సెయోయికి భుజం తిప్పినట్టు తిప్పి, వాళ్లు వెనక్కి కూర్చోగానే కోఉచి. ఉచిమాతకి వెళ్తున్నట్టు చూపించి, కాలు తప్పించడానికి పాదం లేపగానే ఆ లేచిన పాదాన్నే తుడవండి.

అయితే మొదటి దాడి ఉత్తుత్తిది అని మీ ఒంటికి తెలిసి ఉండాలి: బరువు మీ కాళ్ల మీదే, కాలు పూర్తిగా చాపకుండా, పట్టు గట్టిగా. సగం నిజంగా, సగం నాటకంగా వెళ్లేవాళ్లే దొరికిపోతారు. ఇంకో మాట, వాళ్లని కదిలించండి. కదలని మనిషి మీద ఏ త్రో వేసినా రిస్కే. పాదం నేల వదిలి మళ్లీ దిగే మధ్యలో బరువు మారుతుంది, అప్పుడు కౌంటర్ వేసే కాలు వాళ్లకి ఉండదు.

నాకంటే బాగా బరువున్నవాళ్ల మీద?

నడుం మీదికి ఎక్కించుకునే త్రోలు తగ్గించండి. ఎక్కకపోతే వాళ్ల బరువే కౌంటర్. కాలి త్రోలు, కదలికలో వేసేవి, దిక్కు మార్చి వేసేవి మంచివి. వాళ్లు ఒంటితో సహా చుట్టుకుని మీద పడే మకికోమి తరహా కౌంటర్లలో పక్కటెముకలు జాగ్రత్త. బరువు తేడా మరీ ఎక్కువైతే ఆ రందోరి వద్దనుకోవడమే తెలివి.

కౌంటర్ వేసేటప్పుడు పార్ట్‌నర్‌ని ఎలా కాపాడాలి?

స్లీవ్ వదలొద్దు. పడేవాళ్ల ఆ చెయ్యి మీ చేతిలో ఉంటే వాళ్లు దాన్ని నేల మీద ఆనించే ప్రమాదం తప్పుతుంది, పైకి కొంచెం లాగితే తల కూడా నెమ్మదిగా దిగుతుంది. ఉరా నగె వేస్తే నేరుగా వెనక్కి తల మీదికి కాకుండా కొంచెం పక్కకి తిప్పి వాళ్ల వీపు పైభాగం మ్యాట్‌కి తగిలేలా చేయండి, పార్ట్‌నర్‌కి ఉకెమి బాగా వచ్చని తెలిస్తేనే వేయండి. త్రో వేసి అలసి సగంలో ఆగిపోయిన మనిషిని ఎత్తి పడేయడం వీరత్వమేం కాదు.

కౌంటర్లకి ఎలా ప్రాక్టీస్ చేయాలి?

వరుస ఇలా ఉంటే మేలు. మొదట పార్ట్‌నర్ ఏ కౌంటర్ వేస్తాడో ముందే మాట్లాడుకుని, నెమ్మదిగా, మెత్తటి క్రాష్ మ్యాట్ మీద. మీరు దాడి చేయాలి, కౌంటర్ రావాలి, మీరు పడాలి, అంతే. గెలవాలన్న ఆలోచన లేదు. ఒంటికి ఆ పడటం తెలిసిన తర్వాత వేగం పెంచండి. తర్వాత పార్ట్‌నర్‌కి రెండు దారులు ఇవ్వండి, కౌంటర్ వేయొచ్చు లేదా మామూలుగా పడొచ్చు, మీకు ముందు తెలియదు. ఇక్కడే చేతులు వినడం నేర్చుకుంటాయి. ఆ తర్వాతే రందోరి.

గో నో సెన్ నో కతా అని కౌంటర్ల కోసమే ఒక కతా (ముందే నిర్ణయించిన కదలికల వరుస) ఉంది, దాడీ దానికి బదులూ జంటలుగా ఉంటాయి. చాలా క్లబ్బుల్లో పట్టించుకోరు. పోటీకి సూటిగా పనికొస్తుందని చెప్పను, కానీ ఏ త్రోకి ఏ వైపు నుంచి ప్రమాదం వస్తుందో ఇంత స్పష్టంగా ఇంకెక్కడా కనిపించదు.

అలసిపోయినప్పుడు ఈ ప్రాక్టీస్ వద్దు. కాళ్లు బరువెక్కాక త్రో సగంలోనే ఆగుతుంది, పడటమూ ఆలస్యమవుతుంది.

పోటీలో కౌంటర్‌కి సంబంధించి ఏ రూల్స్ తెలిసుండాలి?

ఇద్దరూ ఒకేసారి పడి ఎవరి అదుపూ లేకపోతే స్కోరు ఉండదు. మీరు ముందు వీపు మీద పడి, ఆ ఊపుతో ప్రత్యర్థిని దొర్లించేసినా అది కౌంటర్‌గా లెక్కకి రాదు. వీపు తగలకుండా తలా మడమల మీద వంతెన కట్టి దిగితే ఇప్పోన్ మీకు వ్యతిరేకంగా ఇస్తారు, ఆ నియమం మెడల్ని కాపాడటానికే పెట్టారు. ప్యాంటు, కాలు పట్టుకుని వేసే కౌంటర్లు 2010 నుంచి కట్టడి అయి 2013లో నిలువు ఆటలో పూర్తిగా ఆగిపోయాయి, కాబట్టి పాత వీడియోల్లో కనిపించే తె గురుమా (కాళ్ల మధ్య చెయ్యి వేసి ఎత్తి పడేసే కౌంటర్) చూసి నేర్చుకుని పోటీలో వాడకండి.

కాని బసామి, అంటే రెండు కాళ్లతో కత్తెరలా ప్రత్యర్థి కాళ్లని పట్టి పడేయడం, నిషిద్ధం. 1980 ఆల్ జపాన్ ఛాంపియన్‌షిప్‌లో జపాన్ ఆటగాడు యసుహిరో యమషిత కాలి ఎముక విరిగింది దీంతోనే. పోటీలో మానేసి క్లబ్‌లో సరదాకి వేసేవాళ్లు కనిపిస్తే అక్కడే ఆపించండి. రూల్స్ అప్పుడప్పుడూ మారుతుంటాయి, టోర్నమెంట్‌కి ముందు ఆ ఏడాది పుస్తకం చూసుకోవాలి.

కౌంటర్ పడుతుందన్న టెన్షన్‌తో దాడే చేయలేకపోతున్నాను.

అప్పుడు కౌంటర్లు ఇంకా ఎక్కువ పడతాయి, ఎందుకంటే భయంతో వేసిన త్రో ఎప్పుడూ సగంలోనే ఆగుతుంది. కొన్నాళ్లు మీకు నమ్మకమున్న ఒక్క పార్ట్‌నర్‌తో, కౌంటర్ వేసినా మెల్లగా దించుతాడని తెలిసినవాళ్లతో, పూర్తి బలంతో దాడి చేయండి. ఎన్నిసార్లు పడితే అన్నిసార్లు పడండి. పడటం మామూలైపోయాక కాలు దానంతట అదే ముందుకు వెళ్తుంది. ఒకసారి గాయమై తిరిగొచ్చినవాళ్లయితే కాలి త్రోలతో మొదలుపెట్టండి, వీపు తిప్పే త్రోలు తర్వాత.

పడ్డప్పుడు తల తగిలింది, కానీ బాగానే ఉన్నాను. కొనసాగించొచ్చా?

వద్దు. ఆ రోజుకి మ్యాట్ దిగండి, బెల్టు ఏ రంగుదైనా సరే. తల నేలకి తగలకపోయినా జోరుగా ఊగిన ఊపుకే మెదడు పైన ఉండే రక్తనాళాలు తెగి లోపల రక్తం చేరే ప్రమాదం ఉంది, లక్షణాలు కాసేపయ్యాక బయటపడొచ్చు. తలనొప్పి పెరుగుతూ ఉండటం, వాంతి, మగతగా ఉండటం, మాట తడబడటం, చూపు మసకబారటం, ఏం జరిగిందో గుర్తులేకపోవడం, వీటిలో ఏది కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి, ఒంటరిగా పంపొద్దు. మెడ నొప్పి, చేతుల్లో తిమ్మిరి ఉంటే మనిషిని కదిలించకుండా అక్కడే ఉంచి సహాయం పిలవండి.

తిరిగి రావడం డాక్టర్ చెప్పాకే. వచ్చాక కూడా మొదట మామూలు వ్యాయామం, తర్వాత ఉచికోమి, తర్వాత నెమ్మదిగా ఉకెమి, అన్నిటికంటే చివర రందోరి. మధ్యలో తలనొప్పి తిరగబెడితే ఆపేసి మళ్లీ డాక్టర్ దగ్గరికి. కోచ్‌కి చెప్పకుండా దాచిపెట్టి మ్యాట్ ఎక్కేవాళ్లు ఉంటారు, మీ పక్కన అలాంటివాళ్లు కనిపిస్తే మీరే వెళ్లి చెప్పండి.